నీళ్ల రిపోర్టు సరే, సీసా ఎవరు నింపిన్రు?

మీ ఊరి నీళ్లు మంచిగున్నయా అని అడిగితే ఇప్పుడు ఎవరైనా ఫోన్ తీసి చూపిస్తున్నరు. జల్ జీవన్ మిషన్ వెబ్‌సైట్ల మన జిల్లా, మన ఊరు నొక్కితే ఎన్ని శాంపిళ్లు తీసిన్రు, ఎన్ని పరీక్షలు చేసిన్రు, ఎన్నిట్ల తేడా వచ్చింది, అంత కనవడ్తది. మంచిదే. ఎన్కట గిట్ల చూసుకునే వీలే లేకుండె. కని ఆ అంకె ఫోన్ల పడకముందు ఒక మనిషి ఎండల బండేసుకొని పోయి, ఒక నల్లా ఇప్పి, ఒక సీసా నింపి ఉంటడు. ఆ మనిషి ఎవరు, ఆయనకెంత జీతం, ఆ దినం ఎన్ని ఊర్లు తిరిగి రమ్మన్నరు అనేది మాత్రం ఏ వెబ్‌సైట్ల ఉండది.

ఆ సీసాలు నింపినోళ్లల్ల నేనొకన్ని. కెమిస్ట్రీతోని బీఎస్సీ చేసి, రెండేండ్లు నౌకరి కోసం తిరిగి, ఆఖరికి ఒక నీళ్ల ల్యాబుల ఔట్‌సోర్సింగ్ మీద కుదిరిన. నాలుగేండ్లు చేసిన. పొద్దుగాల ఊర్లకు పోయి శాంపిళ్లు తెచ్చుడు, మధ్యాహ్నం సీసాలు కడుగుడు, సాయంత్రం రీడింగులు రిజిస్టర్ల ఎక్కించుడు. సైంటిస్టును కాను, ఆఫీసర్ను కాను. రిపోర్టు మీద నా సంతకం ఎన్నడు పడలె. కని రిపోర్టుల ఉన్న ప్రతి అంకె ముందుగాల నా చేతులకెల్లే పోయింది.

ఇయ్యాల ఈ ముచ్చట ఎందుకంటే, దేశమంత ఇప్పుడు పైపుల లెక్క అయిపోవస్తున్నది, నీళ్ల లెక్క మొదలవుతున్నది. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ మొదలైనప్పుడు ఊర్లల్ల నూటికి 17 ఇండ్లకే నల్లా ఉండె. 2025 బడ్జెట్ నాటికి 15 కోట్ల ఇండ్లకు, అంటే నూటికి 80 ఇండ్లకు ఇచ్చినమని కేంద్రం చెప్పింది. మిషన్‌ను 2028 దాక పెంచింది. తెలంగాణల అయితే మిషన్ భగీరథ అంతకన్న ముందే వచ్చింది, 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల మొదలుపెట్టిన్రు. నల్లా వచ్చింది. మనిషికి దినానికి 55 లీటర్లు అన్నరు. ఇగ అడగాల్సింది ఆ నీళ్లల్ల ఏమున్నదని. దానికి జవాబు చెప్పేది ల్యాబులు. ఆ ల్యాబుల నడుస్తున్నదేందో జర చూడాలె.

సీసా నింపుడు అంత అల్క పని కాదు

మాకు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు మా సీనియర్ అన్న మొదటి దినం ఒక్కటే మాట చెప్పిండు. "తమ్మీ, లక్షల మిషన్లు ఉన్నా ఏం లాభం లేదు. నువ్వు సీసా సక్కగ నింపకుంటే మిషన్ నీ తప్పునే మంచిగ లెక్కగట్టి చూపిస్తది." అప్పుడు నవ్విన. ఆరు నెలలకు గని సమజ్ కాలె.

నీళ్లల్ల పురుగు చూసే పరీక్ష ఉంటది. పురుగంటే కంటికి కనవడేది కాదు, మలం కలిసిందని చెప్పే సూక్ష్మజీవి, ఈ-కొలై. మన దేశపు ప్రమాణం, ఐఎస్ 10500, ఏం చెప్తదంటే తాగే నీళ్లల్ల 100 మిల్లీలీటర్లకు అది ఒక్కటి సుత ఉండొద్దు. దీని కోసం సీసాను ముందుగాల ఆవిరిల పెట్టి క్రిములు లేకుంట చెయ్యాలె. సీసాల జరంత సోడియం థయోసల్ఫేట్ ఎయ్యాలె. ఎందుకంటే నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, మనం ల్యాబుకు వచ్చేలోపల ఆ క్లోరిన్ సీసాల ఉన్న క్రిములను చంపుకుంట పోతది, ఊర్ల ఉన్నది ల్యాబుల కనవడది. నల్లా మూతిని స్పిరిట్‌తోని కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్లు ఇడిసిపెట్టి, అప్పుడు పట్టాలె. మూత లోపలి దిక్కు చెయ్యి తగులొద్దు. పట్టినంక ఐస్ డబ్బల పెట్టి ఆరు గంటలల్ల ల్యాబుకు చేరిస్తే మంచిది, ఎంత లేటైనా 24 గంటలు దాటొద్దు.

ఇప్పుడు లెక్కేయండ్రి. పొద్దున ఏడింటికి ఎళ్లిన. మొదటి ఊరు 45 కిలోమీటర్లు. ఎనిమిది ఊర్లు తిరగాలె. ఒక ఊర్ల నల్లా ఇడిసే టైమే పదకొండింటికి. ఐస్ ఎక్కడ దొరుకుతది? చేపలమ్మేటోళ్ల దగ్గర, లేకుంటే కూల్ డ్రింక్ షాపుల. పైసలు మన జేబులకెల్లే. ఎండకాలంల రెండు గంటలకు ఆ ఐస్ నీళ్లయితది. ల్యాబుకు వచ్చేటాల్లకు నాలుగు. పరీక్ష చేసే మేడం ఐదింటికి బస్సెక్కాలె. మొదటి సీసా నింపి అప్పటికి ఎనిమిది గంటలైంది. రిపోర్టుల ఇదేం కనవడది. అండ్ల ఉండేది రెండే మాటలు, "ఉన్నది", "లేదు".

క్లోరిన్ అయితే సీసాల తెచ్చి చూసేదే కాదు, నల్లా దగ్గరనే చూడాలె. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలె. టెస్టు ట్యూబుల నీళ్లు పట్టి, మందేసి, రంగు చూసుడు, రెండు నిమిషాల పని. కని రంగు తేలిపోతే ఆ ఊరి వాటర్‌మెన్ మొకం చూడాలె. "అన్నా, రాయకు. బ్లీచింగ్ వచ్చి ఇరవై దినాలైంది, నన్నేం చేయమంటవు" అంటడు. ఆయనది కూడ నా లెక్క నౌకరే. రాస్తే ఆయన మీదికే వస్తది, బ్లీచింగ్ పంపనోళ్ల మీదికి పోదు.

1.4కు, 1.6కు నడుమ

నల్లగొండ పోరలకు ఫ్లోరైడ్ గురించి నేను కొత్తగ చెప్పేదేం లేదు. పండ్లు గార పట్టినోళ్లను, నడుము వంగినోళ్లను, మెడ తిప్పలేనోళ్లను ఇంట్లనే చూసినోళ్లం. దేశంల మొదటిసారి ఈ బీమారిని 1937ల అప్పటి నెల్లూరు జిల్లాల గుర్తువట్టి రాసిన్రు. ఆ తర్వాత 1945ల నల్లగొండ గురించి బయటవడ్డది. నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ల ఉన్న నీరి సంస్థ 1970లల్ల తయారు చేసింది. దానికి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ప్రపంచమంత పుస్తకాలల్ల మన జిల్లా పేరున్నది, గిట్ల ఉన్నది.

మన ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె. వేరే నీళ్లు దొరకకుంటే 1.5 దాక నడుస్తది. అంటే 1.4 వస్తే ఊరు పాస్, 1.6 వస్తే ఫెయిల్. ఆ నడుమ తేడా ఎంత సన్నదో చూడండ్రి. ల్యాబుల ఎర్రటి మందొకటి ఉంటది, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ రంగు అంత పలచవడ్తది. ఆ పలచనను మిషన్ చదువుతది. మందు పాతదైనా, పిప్పెట్ల ఒక్క సుక్క అటిటైనా, అంకె మారుతది. ఇంకొకటి, నీళ్లల్ల పటిక మిగిలి ఉంటే అండ్ల ఉన్న అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకొని ఉంటది, అప్పుడు ఉన్నదానికన్న తక్కువ చూపిస్తది. ఊర్ల వాడే కిట్టు అయితే ఇంక మోటు పని. రంగుల కాగితం పక్కన ట్యూబు పెట్టి కంటితోని పోల్చాలె. 1కి, 1.5కు నడుమ రంగును మిట్ట మధ్యాహ్నం ఎండల ఒక తీరు, ఇంట్ల ట్యూబ్‌లైటు కింద ఒక తీరు చూస్తం.

2020ల కేంద్రం లెక్క ప్రకారం తెలంగాణల ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఆవాసాలు సున్నకు వచ్చినయి. నేను ఆ అంకెను అబద్ధం అంటలేను. కృష్ణ నీళ్లు, గోదావరి నీళ్లు నల్లాలల్ల వచ్చినంక చిన్నపోరల పండ్లు తెల్లగుండుడు నేను నా కండ్లతోని చూసిన. మస్తు పెద్ద పని అది. కని సున్న అనేది ఏ నీళ్ల గురించి చెప్పిన్రో ఎర్కుండాలె. అది నల్లాల వచ్చే నీళ్ల లెక్క. మన భూమి కింద ఉన్న బండరాయి మారలె. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు బోరుల ఫ్లోరైడ్ అట్లనే ఉంటది. పైపు పలిగి నాలుగు దినాలు నీళ్లు రాకుంటే జనం ఏడికి పోతరు? బోరు దగ్గరికే. పత్తి ఏరవోయినోళ్లు దూపైతే ఏం తాగుతరు? బోరు నీళ్లే. వాటికి వాసన రాదు, రంగు రాదు, రుచి సుత మారది. కాగవెట్టినా పోదు, నీళ్లు ఇంకినకొద్ది చిక్కవడ్తది. అందుకే నల్లా నీళ్లు పరీక్ష చేసి సాలనుకుంటే కాదు, ఊర్ల ఇంకా వాడుతున్న బోరులను కూడ ఏటా చూడాలె. మా ల్యాబుల మాత్రం, చివరి రెండేండ్లు, బోరు శాంపిల్ తెస్తే "దీన్నెందుకు తెచ్చినవ్" అనేటోళ్లు. ఫెయిలైతదని ముందే ఎర్క కద.

పన్నెండు సీసాలు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలె. ఇది చెప్పకుంట వేరేటోళ్లను అంటే న్యాయం కాదు.

మాకు నెలకు ఇన్ని శాంపిళ్లు అని టార్గెట్ ఉండె. ఒకసారి జ్వరమొచ్చి వారం పండుకున్న. నెలాఖరుకు పన్నెండు తక్కువవడ్డయి. ఆ నెల జీతం అప్పటికే రెండు నెలలు ఎనకకున్నది, టార్గెట్ తప్పితే బిల్లు పాస్ కాదన్నరు. ఒక ఊరికి పోయి, పంచాయతి ఆఫీసు ముందట ఉన్న ఒక్క నల్లాకాడ్నే పన్నెండు సీసాలు నింపిన. స్టిక్కర్ల మీద పన్నెండు జాగల పేర్లు రాసిన. బడి, అంగన్వాడి, ట్యాంకు, బొడ్రాయి కాడ, ఎస్సీ కాలనీ, గట్ల.

మా సీనియర్ అన్న టీడీఎస్ చూస్తున్నడు. 412. 413. 412. 412. ఐదో సీసా కాడ మీటర్ పక్కన పెట్టిండు. నన్ను చూసిండు. ఒక్క ఊర్ల ఒక్క ట్యాంకు నీళ్లే అయినా ప్రతి నల్లాకు జరంత తేడా ఉంటది, పన్నెండు ఒక్క తీరు రావు. తిట్టలె. "రేపు పోయి మల్ల తీసుకరా, నా బండి తీసుకపో" అన్నడు. అంతే.

తెల్లారి పోయిన. సక్కగ పన్నెండు జాగలు తిరిగిన. పదకొండిట్ల ఏం లేదు. ఎస్సీ కాలనీ ఆఖరు నల్లాల క్లోరిన్ సుక్క లేదు. పైపు మోరీ నడుమకెల్లి పోయింది, జాయింటు దగ్గర చెయ్యి పెడితే తడి. ఆ నీళ్లు పరీక్ష సీసాల పోసి ఎచ్చటి జాగల పెడితే తెల్లారేసరికి నల్లగైనయి. ఎనిమిది ఇండ్లు అవ్వే తాగుతున్నయి. అండ్ల ఒక బాలింత ఉన్నది.

ముందు దినం నేను రాసిన స్టిక్కర్ల లెక్కన అయితే ఆ కాలనీ నీళ్లు మంచియే. కంప్యూటర్ల గట్లనే ఎక్కుండె.

ఇట్ల నేనొక్కన్నే చేసిన అనుకోను. బీదతనం, టార్గెట్, ఆలస్యం జీతం మూడు కలిస్తే ఎవనికైనా ఆ ఒక్క నల్లా కనవడ్తది. అందుకే "ఇన్ని లక్షల పరీక్షలు చేసినం" అని ఎవరైనా గొప్పగ చెప్తే నాకు అంత సంబురం కాదు. ఎన్ని అనేది కాదు, ఏడ తీసిన్రు అనేది అడుగుత. పైపు మొదలు దగ్గర తీసిన వంద సీసాలకన్న చివరి నల్లాల తీసిన ఒక్క సీసా విలువ ఎక్కువ.

ఇంకొక తీరు ఉంటది, అది మా లెక్క కిందోళ్లు చేసేది కాదు. ఫెయిలైన శాంపిల్ వస్తే పై నుంచి ఫోన్ వస్తది, "మల్ల తీసుకరాండ్రి, ఏమో తప్పు వడ్డది". మల్ల తెస్తం. పాసయితే రెండోదే రిజిస్టర్ల ఉంటది. మొదటిది పోతది. మల్ల తీసుడు తప్పు కాదు, సైన్సుల అది పద్ధతే. కని పాసైన శాంపిల్‌ను మల్ల తెమ్మని నాలుగేండ్లల్ల ఎవ్వరు అడగలె. తప్పు ఎప్పుడు ఒక్క దిక్కే పడ్తదా?

ఇది మన దగ్గరనే ఉన్న రోగం కూడ కాదు. అమెరికాల మిషిగన్ రాష్ట్రంల ఫ్లింట్ అనే పట్నం ఉన్నది. పైసలు మిగిలించెతందుకు 2014 ఏప్రిల్ల ఆ ఊరికి నది నీళ్లు మలిపిన్రు. ఆ నీళ్లు పాత పైపులను తిని సీసం వచ్చింది. 2015ల ఇండ్లల్ల 71 శాంపిళ్లు తీసిన్రు. అక్కడ హద్దు 15 పీపీబీ, అంటే పదింట్ల తొమ్మిది ఇండ్లల్ల సీసం అంతకు మించొద్దు. లెక్క హద్దు దాటింది. అప్పుడు అధికారులు రెండు సీసాలను ఏదో కారణం చెప్పి లెక్కలకెల్లి తీసేసిన్రు. లెక్క 11కు దిగింది. ఊరు పాసైంది. పాసైన ఊర్ల పిల్లలు సీసం నీళ్లే తాగిన్రు. ఆఖరికి ఇండ్లోళ్లే, వర్జీనియా టెక్ యూనివర్సిటీ పంపిన సీసాలల్ల తమ చేతులతోని వందల శాంపిళ్లు నింపి పంపితే గని అసలు సంగతి బయటికి రాలె. అంత పెద్ద దేశంల, రెండు సీసాలు.

మన దగ్గర సీసం కాదు, మోరీ నీళ్లు. 2024 అక్టోబర్ల విజయనగరం జిల్లా గుర్లల అతిసారం వచ్చి జనం సచ్చిపోయిన్రు. అట్లాంటప్పుడు మంత్రులు వస్తరు, మెడికల్ క్యాంపు పెడ్తరు, మాలాంటోళ్లను అర్ధరాత్రి లేపి శాంపిళ్లు తెమ్మంటరు. బీమారి వచ్చినంక తీసిన శాంపిల్ కారణం చెప్తది, పానం నిలవెట్టది.

కిట్టు పట్టిన అక్కలు, టీడీఎస్ మీటర్ పట్టిన తమ్ముళ్లు

మిషన్ రూల్ ప్రకారం ప్రతి ఊర్ల ఐదుగురు ఆడోళ్లకు నీళ్ల పరీక్ష నేర్పియ్యాలె. ఎక్కువ ఆశా అక్కలు, అంగన్వాడి టీచర్లు, మహిళా సంఘాలోళ్లు ఉంటరు. నేను పోయిన ఊర్లల్ల వీళ్లు మాకన్న శ్రద్ధగ చేసిన్రు, ఎందుకంటే ఆ నీళ్లు తాగేది వాళ్ల పిల్లలే. కని ఒక అక్క నాకు కిట్టు చూపిస్తే మందు సీసా మీద తారీఖు దాటి ఏడు నెలలైంది. కొత్తది అడిగితే రాలె. ఫొటోలు మాత్రం అడుగుతున్నరట, కిట్టు పట్టుకొని నిలవడ్డ ఫొటో. కిట్టుల తేడా వస్తే ఆ నీళ్లను ల్యాబుల మల్ల చూసి ఖాయం చెయ్యాలె. ఆ అక్క మూడుసార్లు చెప్పింది. ఎవ్వరు రాలె. నాలుగోసారి "మంచిగున్నయి" అని రాసిందట. నేనేమనాలె?

ఇగ పోరల సంగతి. ఇప్పుడు ఎవని జేబుల చూసినా రెండు మూడు వందల టీడీఎస్ మీటర్ ఉంటున్నది. ఫిల్టర్ ప్లాంటు డబ్బా నీళ్లల్ల ముంచి "60 వచ్చింది, సూపర్" అంటున్నరు. తమ్మీ, టీడీఎస్ అంటే నీళ్లల్ల కరిగిన ఉప్పులన్ని కలిపి ఎన్ని ఉన్నయని చెప్పుడు, అంతే. అండ్ల ఫ్లోరైడ్ ఎంతనో చెప్పది. యూరియా, మోరీ నీళ్లు దిగి వచ్చే నైట్రేట్ ఎంతనో చెప్పది, దానికి 45 హద్దు ఉన్నది. క్రిములను అయితే అస్సలే చూడది. 60 టీడీఎస్ ఉన్న డబ్బాను నెల దినాలు కడగకుంట నింపితే అండ్ల ఈ-కొలై దర్జాగ బతుకుతది. 500 టీడీఎస్ ఉండి క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లే దానికన్న నయం. ప్లాంటు నీళ్లు ఎవరు పరీక్ష చేస్తున్నరు, ఎన్ని దినాలకొకసారి చేస్తున్నరు అని ఒక్కసారి ప్లాంటాయనను అడగండ్రి. నేను అడిగిన. గోడ మీద అతికిచ్చిన ల్యాబు రిపోర్టు చూపించిండు, తారీఖు చూస్తే మూడేండ్ల కిందిది.

నేను నౌకరి ఇడిసిపెట్టి ఏడాదైంది. కోపంతోని కాదు, ఆ జీతంల ఇల్లు నడువలె. నా జాగల వచ్చిన పిలగాడు కూడ బీఎస్సీనే, ఆయనకూ బండి తనదే, పెట్రోలు తనదే. మిషన్ పైసలల్ల 2 శాతం దాక నీళ్ల నాణ్యత పనికి పెట్టొచ్చని కేంద్రం రూల్ ఉన్నది. ఆ పైసలల్ల మిషన్లు వస్తయి, ఫ్లెక్సీలు వస్తయి, ట్రైనింగ్ల భోజనాలు వస్తయి. సీసా నింపేటోని పెట్రోలు, ఐస్ డబ్బల ఐస్ ఎందుకు రావు? పర్మినెంట్ చెయ్యమని అడిగే దమ్ము మాకు ఎన్నడు లేకుండె. నెల నెల జీతం, శాంపిల్ లెక్కన కాకుంట జాగ లెక్కన పని, ఫెయిలైన రిపోర్టు రాసినోన్ని అడ్డుకోకుంట ఉండుడు. ఈ మూడు ఉంటే ఆ పన్నెండు సీసాలు నేను నింపకపోదును.

మీరు చేసే పని కూడ ఉన్నది. ఊరి నీళ్లకు ఏడాదికొకసారి రసాయన పరీక్ష, రెండుసార్లు క్రిముల పరీక్ష జరగాలె. గ్రామసభల లేచి, ఆఖరు రిపోర్టు ఏ తారీఖుదని అడగండ్రి. ఏ నల్లాల తీసిన్రో ఆ నల్లా పేరు అడగండ్రి. మొదటిసారి ఫెయిలై మల్ల తీసింది ఏమన్న ఉన్నదా అని అడగండ్రి. నమ్మకం లేకుంటే మీరే సీసా తీసుకపోవచ్చు, సర్కారు నీళ్ల ల్యాబులల్ల మామూలు జనం కొద్దిపాటి ఫీజు కట్టి పరీక్ష చేయించుకునే వీలున్నది. పోకముందు ల్యాబుకు ఫోన్ చేసి ఏ సీసాల పట్టాలె, ఎన్ని గంటలల్ల తేవాలె అడగండ్రి. క్రిముల పరీక్షకు సీసా వాళ్ల దగ్గర్నే తీసుకోండ్రి, కూల్ డ్రింక్ బాటిల్ల పట్టుకపోతే ఆ బాటిల్ల మురికే లెక్కకొస్తది.

మొన్న మా ఊరి సభల ఇంటర్ చదివే చెల్లె ఒకామె లేచి ఇవ్వే అడిగింది. సెక్రటరీ సార్ ఫైలు తిరగేసిండు. రిపోర్టు దొరికింది, పోయినేడాది జూన్లది. శాంపిల్ తీసిన జాగ అన్న కాడ "గ్రామ పంచాయతి నల్లా" అని ఉన్నది. "మరి మా వాడ నల్లా?" అన్నది ఆమె. సార్ పెన్ను తీసి వాడ పేరు రాసుకున్నడు.